మిరప కోతల నడుమ డిగ్రీ

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎవరికీ తీరిక ఉండదు. మిరప కోతలు, కల్లాల్లో ఆరబోతలు, తాలుకాయల ఏరివేత, టిక్కీలకు (బస్తాలకు) ఎత్తడం. ఊళ్లలోనూ తండాల్లోనూ ఆడా మగా పొద్దు పొడవకముందే చేలకు వెళ్తారు. పదో తరగతి, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు కూడా ఈ నెలల్లోనే వస్తాయి. పదితోనో ఇంటర్‌తోనో చదువాపేసి, పెళ్లయి పిల్లలు పుట్టాక మళ్లీ పుస్తకం పట్టాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే అడ్డంకి ఈ క్యాలెండరే. డిగ్రీకి వినుకొండకో నరసరావుపేటకో రోజూ బస్సెక్కి, 75 శాతం హాజరు చూపించడం కూలికెళ్లే తల్లికి సాధ్యమయ్యే పని కాదు.

అలాంటి వారికోసం తలుపు తెరిచి చాలా కాలమైంది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది తెలుగునేల మీదే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రామరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. పని మానకుండా, ఇల్లు వదలకుండా చదివే పద్ధతి దేశమంతా పాకడం వెనుక ఒక తెలుగువాడి పట్టుదల ఉందన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే దుర్గాబాయి దేశ్‌ముఖ్ కనిపిస్తారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఆ బంధాన్ని ఆమె పెద్దయ్యాక వదులుకున్నారు. చిన్నప్పుడే బడి మానేసి స్వాతంత్ర్యోద్యమంలోకి దూకి, జైళ్లకు వెళ్లొచ్చాక, తోటివాళ్లు ఎప్పుడో దాటేసిన మెట్రిక్ పరీక్షకు కూర్చున్నారు. బెనారస్ నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, 1942లో మద్రాసులో న్యాయశాస్త్రం. వాల్తేరులో ఆడపిల్లలకు హాస్టల్ లేదని ఆంధ్ర విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డి సందేహిస్తే, ఆమె తనలాంటి అమ్మాయిలను కూడగట్టి వసతి ఏర్పాటు చేయించారు. 1937లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభకూ మూలం చదువే: బెనారస్ మెట్రిక్‌కు కట్టే అమ్మాయిలకు ఆమె చెప్పిన పాఠాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఈ అనుభవాన్నే దేశానికి పంచారు. చదువు మధ్యలో ఆగిన వయోజన మహిళలు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయికి చేరేలా 1958లో బోర్డు సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. భర్త పోయినవాళ్లకూ, భర్త వదిలేసినవాళ్లకూ ఆ కోర్సులు చదివి టీచర్లుగా, నర్సులుగా శిక్షణకు వెళ్లే దారి దొరికింది.

మన కాలంలో ఈ దారిలో కష్టమెంతో చూపినవారు సాకే భారతి. అనంతపురం జిల్లా శింగనమల మండలం నాగులగుడ్డం ఆమె ఊరు. ఇంటర్ తర్వాత మేనమామతో పెళ్లి, తర్వాత కూతురు. పొలం కూలీగా కొన్ని రోజులు, కాలేజీకి కొన్ని రోజులు. అనంతపురంలో డిగ్రీ, పీజీ పూర్తిచేసి, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో రెండు ద్రవాల (బైనరీ) మిశ్రమాల మీద పరిశోధించి 2023 జులైలో రసాయనశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నారు. స్నాతకోత్సవ వేదిక మీద పట్టా తీసుకున్న ఫొటో అందరూ చూశారు. ఆ ఫొటో కంటే గమనించాల్సింది మరొకటుంది. చదువు ఆపొద్దని భర్త వెన్నంటి నిలబడ్డాడు. ఆమె కూలి మానుకున్న ప్రతి రోజూ ఆ ఇంటికి డబ్బు తగ్గిన రోజే, ఆ లోటును ఇల్లంతా కలిసి మోసింది. ఇలా మోసే మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నదాని మీదే చాలా చదువులు నిలబడతాయి, లేదా ఆగిపోతాయి.

వరంగల్ ప్రాంతపు అనిలా జ్యోతిరెడ్డికి పదహారేళ్లకే పెళ్లయింది. ఇద్దరు కూతుళ్లను సాకుతూ, పొలం పనులు చేసి, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి 1994లో బీఏ తెచ్చుకున్నారు. తర్వాత అమెరికా వెళ్లి సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టారు. ములుగు ఎమ్మెల్యే సీతక్క నక్సలైట్ల అడవిబాట విడిచి వచ్చాక న్యాయశాస్త్రం చదివి, 2022లో, యాభై దాటిన వయసులో, గొత్తికోయ గిరిజనుల స్థితిగతులపై ఉస్మానియాలో పీహెచ్‌డీ చేశారు.

బొల్లాపల్లి నుంచి చూస్తే ఇప్పుడున్న దారులేమిటి? పది, ఇంటర్‌కు ఏపీ ఓపెన్ స్కూల్ ఉంది. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. సబ్జెక్టులు ఒక్కొక్కటిగా రాసుకోవచ్చు. డిగ్రీకి ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ దూరవిద్య కేంద్రం, ఇగ్నో ఉన్నాయి. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. దాని పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మిరప రైతుకు డిసెంబరు బాగా కలిసొస్తుంది, కోతల ఒత్తిడి అప్పటికింకా మొదలుకాదు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయాల దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. పీహెచ్‌డీ చేసే మహిళలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు కూడా ఉంది.

డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం న్యాయం తప్పుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రోజూ కాలేజీకి వెళ్లేవారి కోసమే. దూరవిద్యకు వర్తించదు. రోజూ కాలేజీకి వెళ్లలేకే దూరవిద్యను ఎంచుకున్న తల్లి తన ఫీజు తానే కట్టుకోవాలి. పిల్లాడి బడి ఫీజూ తన పరీక్ష ఫీజూ ఒకే నెలలో వస్తే ఆమె ఏది ముందు కడుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రభుత్వం ఈ నిబంధనను మార్చాలి.

చేరాలనుకునేవారు ముందుగా చూసుకోవలసిన కాగితం ఒకటుంది. 2024 నుంచి దూరవిద్యలో చేరడానికి డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగపు గుర్తింపు సంఖ్య) తప్పనిసరి, అది ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి, పదో తరగతి మెమోలో పుట్టింటి పేరే ఉన్న మహిళలు ఊరూరా ఉన్నారు. గడువు ఇంకా ఉండగానే మీసేవకో ఆధార్ కేంద్రానికో వెళ్లి ఆ తేడా సరిచేయించుకుంటే, చివరి రోజున దరఖాస్తు ఆగిపోకుండా ఉంటుంది.