ఒళ్ళు పట్టే చెయ్యి

శ్రీనగర్ కాలనీలో సత్యసాయి నిగమాగమం దగ్గర బయల్దేరి కృష్ణానగర్ వైపు నడుస్తూ బోర్డులు చదవండి. కేరళ ఆయుర్వేద అభ్యంగం, థాయ్ మసాజ్, స్వీడిష్, డీప్ టిష్యూ, ఫుట్ రిఫ్లెక్సాలజీ. ఓ సందు తిరిగితే ఫిజియోథెరపీ క్లినిక్. ఆ పక్క సెలూన్లో తలకు నూనె మాలిష్. అరగంట నడిస్తే నాలుగైదు దేశాల మర్దన కంటపడుతుంది.

ఆ నడక చివర, కృష్ణానగర్‌లో తెల్లారకముందే యూనిట్ బస్సుల కోసం నిలబడే మనుషులుంటారు. గ్రూప్ డాన్సర్లు, ఫైటర్లు, లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు. ఒంటిని నమ్ముకుని బతికేవాళ్ళు. రాత్రికి నడుం పట్టేసి, పిక్కలు రాళ్ళలా బిగుసుకుని గదికి చేరేది వాళ్ళే. ఆ బోర్డుల వెనకున్న ఏసీ గదుల గడప తొక్కడానికి జంకేదీ వాళ్ళే.

అలాంటివాళ్ళుండే ఓ గదిలో డాన్సర్ కుర్రాడొకడు తోటివాడి పిక్క పడుతుంటే చూశాను. నేలమీద చాప, స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నువ్వుల నూనె. మడమ పైన మొదలుపెట్టి రెండు బొటనవేళ్ళతో మోకాలి కిందిదాకా నెమ్మదిగా తోసుకుంటూ పోతున్నాడు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. ‘గిక్కడనే గదనే?’ అన్నాడు. పడుకున్నవాడు పలకలేదు, చాప అంచు గట్టిగా పట్టుకున్నాడు. కుర్రాడు బరువు తగ్గించాడు. వేలు మాత్రం తియ్యలేదు. అవతలివాడి ఊపిరి కుదుటపడేదాకా అలాగే ఉంచి, అప్పుడు మళ్ళీ కదిలించాడు. ఎవరు నేర్పారని అడిగాను. ‘మా నాయిన తాళ్ళెక్కి వచ్చినంక మా అమ్మ గిట్లనే పిసుకుతుండె సార్’ అన్నాడు.

వేలు ఆగడం, అడగడం, ఓపిక పట్టడం. ఈ కథనం కోసం ఎన్ని పద్ధతుల గురించి తెలుసుకున్నా, నాకు అసలు విద్య ఆ మూడింట్లోనే కనిపించింది.

మనకిది కొత్తగా దిగుమతైన సంగతి కాదు. ఉగాదికీ దీపావళికీ తలంటు, పెళ్ళికి నలుగు, బాలింతకు నూనె రాసి వేణ్ణీళ్ళు. మా నాయనమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, మనవణ్ణి ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరేది. ముందు కెవ్వుమన్న బిడ్డ కాసేపటికి మత్తుగా కళ్ళు మూసేవాడు. దీని వెనక సంగతిని శాస్త్రం ఈమధ్యే పట్టుకుంది. చర్మంలో కొన్ని ప్రత్యేకమైన నరాలున్నాయనీ, సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరితేనే అవి బాగా స్పందించి మెదడుకు హాయిని చేరవేస్తాయనీ స్వీడన్ పరిశోధకులు తేల్చారు. అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున పది రోజులు మర్దన చేయించింది. మిగతా పిల్లలకంటే వాళ్ళు రోజువారీగా 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. నాయనమ్మల పద్ధతిలో ఒక్కదాన్ని మాత్రం మానుకోవాలి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యొద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతున్నారు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదముంది.

ఆయుర్వేదం అభ్యంగనాన్ని రోజువారీ పనుల్లో చేర్చింది. నూనె పట్టిన కుండా, తోలూ, బండి ఇరుసూ ఎలా గట్టిపడి ఎక్కువకాలం మన్నుతాయో శరీరమూ అంతేనంటాడు చరకుడు. బండి ఇరుసుకు కందెన వేసినవాళ్ళకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. తలకూ చెవులకూ పాదాలకూ ప్రత్యేకంగా పట్టించమన్న వాగ్భటుడే, అజీర్తి చేసినప్పుడు అసలు వద్దన్నాడు. ఎప్పుడు చెయ్యకూడదో కూడా చెప్పిన విద్య కాబట్టే నాకు దానిమీద గౌరవం.

కేరళ పద్ధతిలో రోగిని ద్రోణి అనే చెక్క తొట్టి లాంటి బల్ల మీద పడుకోబెడతారు. చెరోపక్క ఒక్కొక్కరు నిలబడి, ఒకే లయలో నాలుగు చేతులూ కదుపుతారు. మందుపొడులో ఆకులో మూటగట్టి, వేడినూనెలో ముంచి కాపడం పెడితే అది కిళి. ధారగా వేడి తైలం పోస్తూ మర్దిస్తే పిళిచ్చిల్. నుదుటిమీద సన్నని ధార వదిలితే శిరోధార. వాడే తైలం కూడా ఒకటి కాదు. మహానారాయణం, క్షీరబల, ధన్వంతరం... ఏది ఎవరికన్నది వైద్యుడు చెప్పాలి. దుకాణంలో సీసా మీది బొమ్మ చూసి కొనుక్కునేది కాదు.

స్వీడిష్ అనగానే స్వీడన్‌వాడైన పెర్ హెన్రిక్ లింగ్ పేరు చెబుతారు. ఆయన 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం పెట్టిన మాట నిజమే. ఇప్పుడు స్పాల్లో చేసే వరసను కుదిర్చింది మాత్రం డచ్ వైద్యుడు జోహాన్ మెజ్గర్. ఆ వరస ఏమిటంటే నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం. మా నాయనమ్మకు ఈ నాలుగూ వచ్చు! ఇక మన ‘చంపీ’ సముద్రం దాటి ఇంగ్లిషులో ‘షాంపూ’ అయింది. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆవిరిస్నానాల మర్దనశాల పెట్టి, నాలుగో జార్జి రాజు ఒళ్ళు పట్టేదాకా ఎదిగాడు.

థాయ్ పద్ధతిలో నూనె ఉండదు. వదులు బట్టలతో నేలమీద పరుపుపై పడుకోబెట్టి, అరచేతులతో, మోచేతులతో, మోకాళ్ళతో ఒత్తుతూ కాళ్ళూ చేతులూ సాగదీస్తారు. యునెస్కో 2019లో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. డీప్ టిష్యూలో లోపలి కండరాల పొరలదాకా నెమ్మదిగా దిగుతారు. ఆటగాళ్ళూ డాన్సర్లూ కోరుకునేది ఇదే. అయితే కళ్ళవెంట నీళ్ళొస్తేనే పట్టు వదిలినట్టు అనుకోవడం పొరపాటు. నొప్పికి ఒళ్ళు ఇంకా బిగుసుకుంటుంది. రిఫ్లెక్సాలజీలో అరికాలు నొక్కించుకుంటే వచ్చే సుఖం నిజం. ఫలానా చోట నొక్కితే కాలేయం బాగవుతుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

మరి ఇన్నింటిలో ఏది మేలు? అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 401 మంది దీర్ఘకాలపు నడుంనొప్పి రోగుల మీద చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. కొందరికి సాదా మర్దన, కొందరికి కండరాల పట్టు చూసి చేసే ప్రత్యేక మర్దన, మిగతావాళ్ళకు మామూలు వైద్యం. పది వారాల తర్వాత చూస్తే మర్దన అందినవాళ్ళు మిగతావాళ్ళకంటే తేలిగ్గా తిరగగలిగారు. ఆ గుణం ఆరు నెలలదాకా నిలిచింది. రెండు రకాల మర్దనల మధ్య చెప్పుకోదగ్గ తేడా మాత్రం కనిపించలేదు. ఖరీదైన పేరు చూసి అప్పు చేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరుసటి ఏడాది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంవాళ్ళు పదకొండుమంది యువకుల చేత సైకిలు తొక్కించి అలిసిపోయేలా చేశారు. ఒక్క తొడకే పది నిమిషాలు మర్దన చేసి, రెండు తొడల కండనూ పరీక్షించారు. మర్దన చేసిన వైపు వాపును రేపే సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తినిచ్చే మైటోకాండ్రియా తయారీకి ఊతమిచ్చే సంకేతాలు పెరిగాయి. లాక్టిక్ ఆమ్లం మాత్రం తగ్గలేదు. ‘కండలో చేరిన విషం కారిపోతుంది’ అని ఎవరైనా అంటే ఆ మాట వదిలెయ్యండి. చెయ్యి చేసే మేలుకు అబద్ధాల సాయం అవసరం లేదు.

ఇక హద్దుల మాట. ఇక్కడ మొహమాటపడకూడదు. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా, ఎర్రగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే దాన్ని పట్టడం కాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. దూరప్రయాణాలు చేసి వచ్చేవాళ్ళు, ఆపరేషనై మంచం మీదున్నవాళ్ళు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, ఎముకలు గుల్లబారినవాళ్ళు, గర్భిణులు ముందు వైద్యుణ్ణి అడగాలి. ఫైట్ సీన్లో పడి భుజం జారినా, ఎముక విరిగిందన్న అనుమానమున్నా మర్దన కంటే ముందు ఎక్స్‌రే.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మెడ విరుపు. తలకు నూనె పెట్టి, చివర్లో ‘టక్’మనిపిస్తారే, అది. మెడ వెనక ఎముకల్లోంచి మెదడుకు వెళ్ళే ధమని ఆ కుదుపుకు లోపల చిరిగితే పక్షవాతం రావచ్చు. కుదుపే అక్కర్లేదు. సెలూన్లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకున్న ఓ మహిళకు పక్షవాత లక్షణాలు వచ్చాయని హైదరాబాద్ న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ 2022లో అందరికీ తెలిసేలా చెప్పారు. సెలూన్ కుర్చీలో కూర్చోగానే ‘మెడ విరవొద్దు తమ్ముడూ’ అని చెప్పెయ్యండి. అతనేమీ అనుకోడు.

ఈ పని చేసేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. నిన్నటి ఊళ్ళో బెణుకు పట్టింది మంగలి తాత, బాలింతకు ఒళ్ళు పట్టింది మంత్రసాని అవ్వ. వాళ్ళ చేతి విద్యను వాడుకున్నాం, దానికి దక్కాల్సిన మర్యాద ఇవ్వలేదు. ఇవాళ ఈశాన్య రాష్ట్రాల నుంచీ, కేరళ నుంచీ వచ్చి ఇక్కడ పనిచేస్తున్న ఆడపిల్లల్ని ‘స్పా’ మాట వినగానే వెకిలిగా చూస్తున్నాం. చాటుమాటు వ్యాపారాలు చేసేవాళ్ళ పాపం వాళ్ళ మీద రుద్దడం అన్యాయం. ఈ వీధిలోనే ఓ థెరపిస్టు తన బొటనవేలి మొదలు నాకు చూపించింది. రోజుకు ఐదారుగురికి పట్టీ పట్టీ అక్కడ కీలు ఉబ్బింది. ఇప్పుడు ఎక్కువగా ముంజేతితోనే ఒత్తుతోందట.

డబ్బు లేనివాళ్ళకు దారి లేకపోలేదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రిలో పంచకర్మ విభాగముంది. యూసఫ్‌గూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే మూడో స్టేషన్ ఎర్రగడ్డ. అమీర్‌పేటలోనే ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం కూడా ఉంది. ఈ రెండూ డాన్సర్ కుర్రాడికి చెప్పాను. శ్రద్ధగా విని, ఫోన్లో రాసుకున్నాడు. తర్వాత చేతికంటిన నూనె తువ్వాలుకు తుడుచుకుంటూ అడిగాడు:

‘పొద్దుగాల ఎన్నింటికి తీస్తరు సార్? మాకు ఆరింటికే బస్సు ఉంటది.’