మోకు లేని లంగరు: జి.పి.ఎస్. సాయమున చిన్న పడవను నీటిపై ఒకచోట నిలుపు విధానము

వేసవిలో ఎండిపోవు చెరువున పూడికను నడచియే కొలువవచ్చును. కాని ఏడాది పొడవున నీరు నిలుచు పెద్ద చెరువులలోను, జలాశయములలోను ఈ పని పడవపైనే జరుగవలెను. అక్కడ మొదటి చిక్కు పడవతోనే వచ్చును. తాడు దించి లోతు చూచునంతలో గాలి పడవను పది పదునైదు మీటర్లు నెట్టివేయును. పుస్తకములో గుర్తించిన తావు ఒకటి, లోతు కొలిచిన తావు మరియొకటి అగును. అట్టి లెక్కలను నమ్మి పూడికతీతకు అంచనా వేసినచో నష్టపడునది గ్రామమే. గాలము వేయు బెస్త సోదరునికిని, పంజరములలో చేపలకు మేత వేయువానికిని ఇదే చిక్కు. ఒక చేత తెడ్డు, ఒక చేత పని పట్టుకొని మనిషి ఎంతసేపు నిలువగలడు?

పడవను తనంతట తానే నిలుపుకొను ఉపాయము నేడు ఉన్నది. ఉపగ్రహముల సాయముతో తన తావును తెలిసికొని, బ్యాటరీ మోటారుతో ఆ తావునకు మరల మరల చేరుకొను ఏర్పాటు అది. కొద్దిపాటి విద్యుత్ పని తెలిసిన గ్రామ యువకుడు దీనిని తయారు చేసికొనగలడు. అయితే దాని బలమును, దాని హద్దును రెంటిని ఎరిగి వాడవలెను.

జ్యోతినగర్ చూపు మార్గము

రామగుండం, గోదావరిఖని ప్రాంతము బొగ్గు గనులకు పేరుగాంచినను నీటికి కొదువ లేని చోటు. ఎగువన గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి జలాశయము 20 టి.ఎం.సి.లకు పైగా నీటిని పట్టును. జ్యోతినగర్ విద్యుత్ కేంద్రపు జలాశయముపై సుమారు 500 ఎకరముల మేర సౌర ఫలకములు తేలుచున్నవి. ఈ 100 మెగావాట్ల తేలుడు సౌర విద్యుత్ కేంద్రము 2022 జులై 1 నుండి పూర్తిగా పనిచేయ నారంభించినది. అంత విశాలమైన తెప్పను గాలికి కొట్టుకొని పోకుండ పట్టియుంచునది ఏది? నీటి అడుగున ఉంచిన బరువు దిమ్మెలు, వానికి కట్టిన గట్టి కృత్రిమ నార మోకులు. ఎన్నడును కదలని వస్తువునకు ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

పడవ సంగతి వేరు. అది పూటకు ఇరువది ముప్పది తావులు మారవలసియుండును. తావు మారినప్పుడెల్ల బరువును పైకి లాగుట కష్టము. పైగా రాయి నీటిలో తేలికయగును. 50 కిలోల నల్లరాయి నీట మునిగిన పిదప సుమారు 31 కిలోల పట్టు మాత్రమే ఇచ్చును. కొక్కెపు లంగరు వేసినచో అది నేలను పట్టుటకు లోతునకు ఐదు నుండి ఏడు రెట్ల మోకు వదలవలెను. ఎనిమిది మీటర్ల లోతున కనీసము 40 మీటర్ల మోకు కావలెను. గాలి దిశ తిరిగినచో పడవ ఒక అంచు నుండి ఎదుటి అంచునకు దాదాపు 80 మీటర్లు జరుగును.

నీరు మూడు మీటర్లకు లోపయినచో ఈ యంత్రముల జోలికి పోనక్కరలేదు. పడవకు ముందొకటి, వెనుకొకటి వెదురు గడలు పూడికలో దించి కట్టిన చాలును. లోతైన విశాలమైన నీటిలోనే క్రింది ఏర్పాటు ఖర్చునకు తగిన ఫలితమిచ్చును.

తావు ఎట్లు తెలియును?

జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండును. అవి పంపు సంకేతము మనకు చేరుటకు పట్టిన కాలమును బట్టి గ్రాహకము దూరమును లెక్కించును. నాలుగు ఉపగ్రహముల సంకేతములు అందినచో తావు తెలియును. 2000 సంవత్సరము మే నెల వరకు అమెరికా ప్రభుత్వము పౌరులకిచ్చు సంకేతమున కావలెననియే తప్పు కలిపియుంచుటచే నూరు మీటర్ల వరకు తేడా వచ్చుచుండెను. ఆ అడ్డు తొలగిన తరువాతనే ఇట్టి చిన్న పనులకు అది అక్కరకు వచ్చినది. మన దేశపు నావిక్ ఉపగ్రహముల సంకేతమును కూడ అందుకొను గ్రాహకములు ఇప్పుడు దొరకుచున్నవి.

తెరపి ఆకాశము క్రింద సామాన్య గ్రాహకము మూడు నుండి ఐదు మీటర్ల వరకు తప్పు చూపును. గట్టున రాతిపై కదలకుండ పెట్టినను అది చూపు తావు అటునిటు తిరుగుచునే యుండును. కావున పడవను ఒక బిందువున నిలుపవలెనని పట్టుపట్టరాదు. నాలుగైదు మీటర్ల వలయము నిర్ణయించి, ఆ వలయములో ఉన్నంతవరకు మోటారు ఊరకుండునట్లు ఏర్పరుపవలెను. లేనిచో లేని కదలికను వెంటాడి మోటారు బ్యాటరీని త్రాగివేయును.

దూరము లెక్కకు ఒక జాగ్రత్త అవసరము. అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశమున ఒక డిగ్రీ మన రామగుండం వద్ద సుమారు 105 కిలోమీటర్లే. దశాంశ బిందువు తరువాతి ఐదవ అంకె ఒక మీటరుకు కొంచెము మించి ఉండును. కనుక తావులను వ్రాయునపుడు ఐదు అంకెలు తప్పక వ్రాయవలెను.

దిక్సూచి లేనిదే పని జరుగదు

నడచుచున్న బండి ఏ దిక్కునకు పోవుచున్నదో జి.పి.ఎస్. చెప్పగలదు. నిలిచియున్న పడవ ముఖము ఎటున్నదో అది చెప్పలేదు. నూతనముగా చేయువారు తరచు మరచునది ఇదే. తూర్పునకు పోవలెనని తెలిసినను తూర్పు ఎటున్నదో తెలియనిచో మోటారు పడవను గిరగిర త్రిప్పును. అందుచే విద్యుత్ దిక్సూచి ఒకటి విడిగా కావలెను. మన ప్రాంతమున అది చూపు ఉత్తరమునకును నిజమైన ఉత్తరమునకును భేదము స్వల్పము గనుక దానిని లెక్కింప పని లేదు. కాని ఇనుము, మోటారు అయస్కాంతము, బ్యాటరీ తీగలు దాపున ఉన్నచో అది మోసగించును.

వెనుకనుండి నెట్టరాదు, ముందునుండి లాగవలెను

మోటారును పడవ వెనుక బిగించుట అలవాటు. ప్రయాణమునకు అది మంచిదే. నిలుపుటకు మాత్రము ముందు బిగించవలెను. ముకుత్రాడు పట్టి లాగిన ఎద్దు చక్కగా వెంట వచ్చును. వెనుకనుండి నెట్టినచో అటునిటు మళ్ళును. పడవయు అంతే. ముందు మోటారు లాగుచున్నపుడు గాలి పడవ తోకను దానంతట అదే వెనుకకు సర్దును.

కావలసిన సామగ్రి ఇది:

1. ట్రోలింగ్ మోటారు అను పేర దొరకు 12 వోల్టుల చిన్న పడవ మోటారు. దాని పంకా నీటిలో, పిడి పైన ఉండును.
2. మోటారు కాడను త్రిప్పుటకు కారు అద్దము తుడుచు వైపర్ మోటారు.
3. జి.పి.ఎస్. గ్రాహకము, విద్యుత్ దిక్సూచి.
4. లెక్క చేసి ఆజ్ఞలిచ్చు ఆర్డుయినో వంటి చిన్న పలక, మోటార్ల వేగమును అదుపు చేయు పలకలు.
5. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ, తగిన ఫ్యూజు, చేతికందు ఆపు స్విచ్చి, గంట.

దిక్సూచిని మోటారు కాడ పైకొసన ఒక మూరెడు చెక్క కర్రకు బిగించినచో పంకా ఎటు లాగునో అదే నేరుగా చూపును. కాడ ఒకే వైపునకు తిరుగుచు పోయినచో తీగ పెనవేసుకొని తెగును. ఇరువైపుల సగము చుట్టు దాటకుండ అడ్డు పెట్టవలెను. పలకలను నీరు చొరని డబ్బాలో ఉంచవలెను.

పలకకు ఇవ్వవలసిన కట్టడులు కొన్నియే. గురుతు తావునుండి దూరము నాలుగు మీటర్లకు లోపు ఉన్నచో మోటారును ఆపవలెను. దాటినచో కాడను గురుతు వైపు త్రిప్పి, దూరమునకు తగినట్లు వేగము పెంచవలెను. పండ్రెండు మీటర్ల వద్ద పూర్తి వేగము. గాలి ఎడతెగక వీచుచు పడవ అంచుననే ఆగిపోయినచో వేగమును నెమ్మదిగా మరికొంత పెంచవలెను. ఉపగ్రహ సంకేతము ఐదు సెకండ్లు అందనిచో మోటారు ఆగి గంట మ్రోగవలెను. ముప్పది మీటర్లు దాటినను గంట మ్రోగవలెను.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1961లో కస్-1 అను అమెరికా ఓడ సుమారు 3,500 మీటర్ల లోతు సముద్రముపై లంగరు లేకుండ నిలిచి, అడుగు నేలను తొలిచినది. చుట్టును ఉంచిన తేలుడు గుర్తులను చూచుచు మనుషులు నాలుగు పంకాలను నడిపి దానిని నిలిపిరి. నాడు ఓడకు సాధ్యమైనది నేడు పడవకు అందుబాటైనది.

బలము, బ్యాటరీ లెక్క

గాలికి ఎదురుగా ఒకటిన్నర చదరపు మీటర్ల మేర చూపు పడవను గంటకు 18 కిలోమీటర్ల గాలి సుమారు రెండుంబావు కిలోల బలముతో నెట్టును. గాలి వేగము 36 కిలోమీటర్లయినచో ఆ బలము రెట్టింపు గాక నాలుగింతలై సుమారు తొమ్మిది కిలోలగును. పదమూడున్నర కిలోల బలము గల మోటారు దీనిని ఓర్వగలదు. కాని పూర్తి వేగమున అది సుమారు 30 ఆంపియర్లు త్రాగును. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖర్చు చేయరాదు గనుక మనకు దక్కునవి 50 ఆంపియర్-గంటలు. నెమ్మది గాలిలో సగటున 10 ఆంపియర్ల చొప్పున ఐదు గంటలు, పూర్తి వేగమున గంటన్నరయే. పనికి పోవు ముందే ఈ లెక్క చూచుకొనవలెను.

ప్రవాహము గాలికంటె ప్రమాదము. నీటి వేగము మూడింతలైనచో బలము తొమ్మిదింతలగును. బ్యారేజీ గేట్లు ఎత్తినప్పటి వడిలో ఏ చిన్న మోటారును పడవను నిలుపజాలదు. గేట్ల దరిదాపులకు ఈ పడవను తీసికొనిపోరాదు. హెచ్చరిక మ్రోగినంతనే గట్టు చేరవలెను.

పరీక్షించు క్రమము

మొదట పొలములో పరీక్షింపుడు. పంకాను విప్పి, మోటారును ఎడ్లబండికి గాని తోపుడుబండికి గాని నిలువుగా కట్టి, ఒక తావును గురుతుగా ఇచ్చి, ఇరువది మీటర్లు నాలుగు దిక్కులకు త్రిప్పి చూడుడు. ఎటు పోయినను కాడ గురుతు వైపునకే తిరుగవలెను. తిరుగనిచో తప్పు దిక్సూచిది. ఇనుమును దూరము చేసి సరిచూడుడు. రెండవనాడు నడుములోతు నీటిలో, పడవకు గట్టునుండి మోకు కట్టి చూడుడు. మూడవనాడు మాత్రమే, వెంట మరియొక పడవ ఉండగా, లోతునకు పోవుడు.

తేలుడు చొక్కా లేనిదే ఎవరును పడవ ఎక్కరాదు. తెడ్లు, రాతి లంగరు, సరిపడు మోకు ఎల్లప్పుడు పడవలో ఉండవలెను. యంత్రము ఆగిననాడు ప్రాణము కాపాడునవి అవే. జలాశయములలో నీటిపారుదల శాఖ అనుమతి పొందియే పడవ దింపవలెను. సౌర ఫలకముల మోకులున్న చోటికి పోరాదు.

పూడిక కొలత

పడవ నిలిచిన తరువాత కొలత సులభము. వెడల్పైన పళ్ళెమును తాడుతో దించినచో అది మెత్తని పూడికపై ఆగును. మొన గల ఇనుప గొట్టము గట్టి నేల తగులు వరకు దిగును. రెంటి భేదమే పూడిక మందము. సగటు మందము 60 సెంటీమీటర్లయినచో హెక్టారుకు 6,000 ఘనపు మీటర్ల మట్టి ఉన్నట్లు. ఒక్క పది సెంటీమీటర్ల తప్పు హెక్టారుకు వేయి ఘనపు మీటర్ల తప్పగును. అదే తావున మన్ను కొంత తీసి భూసార పరీక్షకు పంపినచో, ఏ పొలమునకు ఆ ఒండ్రు తగునో ముందే తెలియును.

ఒక్కొక్క రైతు దీనిని కొననక్కరలేదు. మత్స్య సహకార సంఘము, గ్రామ పంచాయతి కలిసి ఒక పడవను సిద్ధము చేసికొనినచో ఇరువురికిని పనికివచ్చును. గ్రామాధికారులు ప్రతి కొలతను తేది, అక్షాంశము, రేఖాంశము, నీటిమట్టము, పూడిక మందముతో సహా రిజిస్టరులో వ్రాసియుంచవలెను. మరుసటి ఏడాది అదే తావులకు పోయి కొలిచిననాడు చెరువు ఎంత పూడినదో ఊరివారికి కచ్చితముగా తెలియును. పూడిక లెక్క తెలిసిన ఊరు తన నీటి లెక్కను కూడ తెలిసికొనగలదు.