పడక కుర్చీలో సైకిలు సవారీ

మధ్యాహ్నం భోజనం చేసి వసారాలో పడక కుర్చీలో వాలిన పెద్దమనిషిని కుర్చీతో సహా లేవనెత్తి, రెండు చక్రాల నడుమ దింపి, చాచిన కాళ్ళకు పెడళ్ళు అందిస్తే ఎలా ఉంటుంది? నవ్వు వస్తుంది కదూ! కాని అటువంటి సైకిలు ఉంది. నిన్న మొన్న పుట్టిందీ కాదు, తొంభై ఏళ్ళకు పైబడిన చరిత్ర దానిది. ఇంగ్లీషులో రికంబెంట్ అంటారు. మనకు పడక కుర్చీ అనే చక్కని మాట ఉండనే ఉంది గనుక పడక సైకిలు అందాం.

ఫ్రాన్సు దేశంలో షార్ల్ మోషే అనే ఆయన పెడళ్ళతో నడిచే నాలుగు చక్రాల బుల్లి బండ్లు తయారుచేసేవాడు. ఆ బండిని నిలువునా సగం చేసినట్టుగా రెండు చక్రాల పడక సైకిలు ఒకటి తీశాడు. 1933 జులై 7న పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే పందెగాడు దానిమీద గంటలో 45.055 కిలోమీటర్లు తొక్కాడు. 1914 నుంచి ఎవరికీ లొంగని ఆస్కార్ ఎగ్ రికార్డు, 44.247 కిలోమీటర్లు, ఆ గంటతో పడిపోయింది. చిత్రం ఏమిటంటే ఫోర్ మొదటి వరస పందెగాడు కాడు. అందువల్ల గొప్పతనం మనిషిదా, బండిదా అన్న సందేహమే రాలేదు. అంతర్జాతీయ సైకిలు సంఘంవారు సైకిలు అంటే ఏమిటో కొత్తగా నిర్వచించి, 1934 ఏప్రిల్ 1 నుంచి ఈ బండిని పందేలనుంచి వెలివేశారు. గెలిచినందుకు శిక్ష! పందేలలో కనబడని బండిని కంపెనీలు తయారు చేయవు, కంపెనీలు తయారు చేయని బండి మన బజారుకు రాదు. ఇన్నేళ్ళుగా మన ఊళ్ళలో దాని ఊసు పెద్దగా లేకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

దాని వేగంలో మంత్రమేమీ లేదు. చదునైన రోడ్డుమీద వేగంగా వెళ్ళేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. నిటారుగా కూర్చున్నవాడు గాలికి తలుపులా అడ్డం నిలుస్తాడు. వాలి కాళ్ళు ముందుకు చాచినవాడు ఆ తలుపును ఓరగా తీసినట్టే. 2016లో అమెరికాలోని నెవాడాలో టాడ్ రైఖర్ట్ అనే ఆయన గంటకు 144.17 కిలోమీటర్ల వేగం అందుకున్నది, చుట్టూ నున్నని డొప్ప కట్టిన ఇటువంటి బండిలోనే.

సరే, కరీంనగర్ టవర్ సర్కిల్ నుంచి బస్టాండుకు పోయేవారికి ఈ పందేలు దేనికి? వేగం కోసం కాదు. మామూలు సైకిలుమీద ఒంటి బరువులో చాలా భాగం అరచేయంత సీటుమీద, మిగతాది మణికట్లమీద పడుతుంది. నడుము పట్టేసిందనో, కూర్చోలేకపోతున్నాననో సైకిలు గోడకు ఆనించేసిన పెద్దవాళ్ళు మనలో ఎందరు లేరు! పడక సైకిలులో ఆ బరువు వీపంతా పరచుకుంటుంది. మోకాళ్ళ సంగతి మాత్రం వేరు. పెడలు దూరం కుదరకపోతే ఈ బండికూడా మోకాళ్ళను బాధిస్తుంది. మోకాలి జబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

ఇది షాపులో వరసగా నిలబెట్టి అమ్మే సరుకు కాదు గనుక చేయించుకోవాలి. రెండు పాత సైకిళ్ళు, ఒక చదరపు ఉక్కు గొట్టం, చేయి తిరిగిన వెల్డరు, ఓపికగల సైకిలు మెకానిక్కు ఉంటే చాలు. జగిత్యాలలోనైనా, మంచిర్యాలలోనైనా ఇవి దొరకని వస్తువులు కావు.

చాలామంది ముందు ఇనుము కోస్తారు, తరవాత కొలతలు చూసుకుంటారు. దర్జీ అలా చేస్తే ఊరుకుంటామా? గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాచి నేలమీద కూర్చోండి. గోడ దగ్గరనుంచి చెప్పు అడుగువరకు టేపు పెట్టి కొలవండి. బండి మొత్తానికి ఆధారం ఈ ఒక్క కొలతే. పెడలు అన్నిటికన్న దూరం పోయినప్పుడు మోకాలు పూర్తిగా చాచుకుపోకూడదు, కొద్దిగా వంగి ఉండాలి. కాలు మరీ ముడుచుకుంటే మోకాలికి శ్రమ, మరీ చాచుకుంటే పిరుదులు అటూ ఇటూ జారతాయి. రెండు చెక్కలు, ఒక పాత కుర్చీ పెట్టి ముందే నమూనా కట్టి, అందులో అరగంట కూర్చుని చూస్తే ఎన్నో తప్పులు ఇనుముదాకా రావు. ఇంట్లో అన్నదమ్ములిద్దరూ తొక్కేటట్టయితే, పెడళ్ళ ఇరుసు గొట్టాన్ని మరో గొట్టంలో దూర్చి, ముందుకూ వెనక్కూ జరిపి బిగించేలా చేయించాలి.

సీటు వాలు మొదట నేలకు 50, 60 డిగ్రీలు ఉంటే మంచిది. ఇంకా వాల్చితే గాలి తగ్గుతుంది నిజమే, కాని మెడ ఎత్తి చూడలేక నొప్పి పుడుతుంది. సీటుకు రెగ్జిను, స్పాంజి వద్దు. మే నెలలో 45 డిగ్రీలు చూసే రామగుండంలో వీపు ఉడికిపోతుంది. ఇనుప చట్రానికి మంచపు నవారు బిగించి అల్లితే గాలి ఆడుతుంది, సాగినప్పుడు మళ్ళీ లాగి కట్టుకోవచ్చు. విదేశాలవాళ్ళు ఇదే పనికి వల గుడ్డ వాడతారు. నా మటుకు మన నవారే మెరుగు!

వెల్డింగు దగ్గర ఒక హెచ్చరిక. మన పాత సైకిళ్ళ ఫ్రేముల్లో చాలావాటికి కీళ్ళ దగ్గర ఇత్తడి కరిగించి పోసి అతికి ఉంటారు. ఆ ఇత్తడిమీద కరెంటు వెల్డింగు పెడితే అతుకు బుడగలు బుడగలుగా వచ్చి బలహీనపడుతుంది. పైకి నున్నగానే కనిపిస్తుంది, గుంతలో పడ్డనాడు విరుగుతుంది. కీలుకు దూరంగా కోసి, రంగు గీకి, శుభ్రమైన ఉక్కుమీదనే అతకాలి.

చైను సంగతి కొంచెం తమాషాగా ఉంటుంది. పెడళ్ళు ముందెక్కడో, తిరగవలసిన చక్రం వెనకెక్కడో. అందుచేత రెండున్నర మామూలు చైన్లు కలిపితేగాని సరిపోదు. అంత పొడుగు చైను సీటు కింద దారి తప్పకుండా మధ్యలో చిన్న చక్రం పెట్టాలి. పై వరస లాగే వరస. దాని కింద పెట్టే చక్రానికి పళ్ళు, మంచి బేరింగు ఉండి తీరాలి. కింది వరస ఊరికే తిరిగి వచ్చేదే గనుక ప్లాస్టికు గొట్టంలోనుంచి పోనిచ్చినా చాలు. పంచె కట్టేవారికి ఈ గొట్టం మరీ అవసరం.

ఈ నైపుణ్యం మన మెకానిక్కులకు మరీ కొత్తదీ కాదు. కాళ్ళు పనిచేయనివారు చేతితో తిప్పుకునే మూడు చక్రాల బండి చూశారు కదా. అదీ వీపు ఆనించి కూర్చునే బండే, పడక సైకిలుకు దగ్గర చుట్టం. ప్రభుత్వమూ, దాతలూ పంచే ఆ బండ్లు చాలావరకు ఒకే సైజువి. మనుషులు ఒకే సైజులో ఉండరు. చేతి పెడలు రెండంగుళాలు దూరమైతే రోజంతా తిప్పేవాడి భుజానికి అదెంత బాధో ఊహించండి. పడక సైకిలుకు పట్టే కొలతల శ్రద్ధ ముందు ఈ బండ్లకు పట్టాలని నా అభిప్రాయం. అక్కడ అది సరదా కాదు, బతుకు తెరువు.

ఇక రోడ్డు. పెడళ్ళు ముందు చక్రానికి వెనక ఉండే పొడుగు రకం కొత్తవారికి మేలు. మలుపుకు చోటు ఎక్కువ కావాలిగాని నిదానంగా, తిన్నగా నడుస్తుంది. పొట్టి రకంలో మలుపు తిప్పేటప్పుడు మడమ చక్రానికి తగిలే ప్రమాదం ఉంది. సీటు రెండడుగుల ఎత్తుకు మించకపోతే, ఆగినప్పుడు పాదాలు నిండుగా నేలకు ఆనతాయి. కాని గోదావరిఖని, మంచిర్యాల దారుల్లో బొగ్గు లారీ డ్రైవరు కంటికి ఆ ఎత్తు ఆనదు. ఆరడుగుల వెదురు బద్దకు ఎర్ర జెండా కట్టి వెనక బిగించక తప్పదు, రాత్రి దీపాలు సరేసరి. ఊరకుక్కలకు మాత్రం మీ ముఖం సరిగ్గా వాటి ఎత్తులోనే కనబడుతుంది. అవి మొరిగే తీరు అనుభవిస్తేగాని తెలియదు.

కరీంనగర్ మైదానంలో హాయిగా సాగిన బండి గోదావరి దాటి నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పాత దారి పట్టిందంటే మహబూబ్ ఘాట్ దగ్గర అసలు పరీక్ష. మామూలు సైకిలువాడు ఎత్తు వస్తే లేచి నిలబడి ఒంటి బరువంతా పెడలుమీద వేస్తాడు. పడుకున్నవాడికి ఆ వీలు లేదు, కాళ్ళ బలమే దిక్కు. 28 అంగుళాల వెనక చక్రానికి ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉంటే పెడలు ఒక చుట్టుకు బండి ఐదున్నర మీటర్లు పోతుంది. ఘాటులో అది కదలదు. ముందు 32, వెనక 28 పళ్ళు పెడితే చుట్టుకు రెండున్నర మీటర్లే, అయినా ఎక్కుతుంది. దిగేటప్పుడు పాత ఊచ బ్రేకులను నమ్మవద్దు. రెండు చక్రాలకూ కొత్తరకం తీగ బ్రేకులు ఉండాలి. ఎక్కలేక దిగి తోసుకుపోదామంటే, బండి అంత పొట్టిగా ఉన్నందున నడుం వంచి నడవాలి. అందుకని సీటు వెనక చేతికందేటట్టు ఒక జానెడు గొట్టం ముందే అతికించి ఉంచండి.