సిరాలో కాకిబంగారం

భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఎండపూట ఎప్పుడైనా నడిచారా? ఇసుకలో సన్నటి రేకులు తళుక్కుమంటూ ఉంటాయి. వేలికి అంటించుకుని చూస్తే అది బంగారమూ కాదు, వెండీ కాదు. దాన్నే మన పెద్దలు కాకిబంగారం అన్నారు. శాస్త్రీయంగా దాని పేరు అభ్రకం. ఖమ్మం, భద్రాచలం అడవుల్లోని రాళ్లు ఎండకూ వానకూ శిథిలమైనప్పుడు, వాటిలోని అభ్రకం వాగుల వెంట నదిలో చేరుతుంది.

ఈ రోజుల్లో దొరికే మెరుపు సిరాల్లో తళుకు కూడా చాలావరకు అభ్రకానిదే. “అయితే మెరుపు పొడి కొని నా పెన్ను సిరాలో కలిపేస్తాను” అంటారా? కాస్త ఆగండి. ముందు ఒక ప్రయోగం చేద్దాం.

రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోయండి. ఒకదానిలో నాలుగు చుక్కల సిరా వేయండి. రెండోదానిలో, ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక నుంచి మెరిసే ఇసుక చిటికెడు వేయండి. రెంటినీ బాగా కలిపి పక్కన పెట్టండి. ఇసుక రేణువులు వెంటనే అడుక్కి పోతాయి. అభ్రకం రేకులు మాత్రం రాలే ఆకుల్లా ఊగుతూ నెమ్మదిగా దిగుతాయి. మరునాడు చూడండి. సిరా నీళ్లు అలాగే ఉంటాయి. రెండో గ్లాసులో రేకులన్నీ అడుగున ఉంటాయి.

ఎందుచేత? సిరాలోని రంగు నీటిలో కరిగిపోయింది. అది ద్రావణం. అభ్రకం కరగదు, నీటిలో తేలాడుతుందంతే. దీన్ని అవలంబనం అంటారు. అభ్రకం నీటికంటే సుమారు 2.8 రెట్లు బరువైనది కాబట్టి ఎప్పటికైనా దిగవలసిందే. పలచటి రేకు కావడంతో నీటి నిరోధం ఎక్కువై ఆలస్యంగా దిగుతుంది.

ఇక పెన్ను సంగతి. భద్రాచలం దాటిన గోదావరి పాపికొండల మధ్యగా రాజమండ్రి చేరుతుంది. ఆ ఊళ్లో కె.వి. రత్నం 1932లో స్వదేశీ కలాల తయారీ ప్రారంభించారు. ఆయన కలం వాడి చూసిన గాంధీజీ, విదేశీ కలాలకు ఇది మంచి బదులని 1935లో ఉత్తరం రాశారు. ఏ ఫౌంటెన్ పెన్ను గొప్పతనమైనా పాళీలోని చీలికలోనూ, దాని కిందనున్న సన్నటి గాడిలోనూ ఉంది. దీపపు వత్తి నూనెను పీల్చినట్లే ఆ గాడి కేశనాళికా చర్యతో సిరాను పాళీ కొసకు తెస్తుంది. పొడి అందులో పేరుకుంటే దారి మూసుకుపోతుంది. సిరా ఎండితే రేకులు గట్టిగా అతుక్కుంటాయి. పరీక్ష రోజున పెన్ను మొరాయిస్తే ఎవరిని అని ఏం లాభం?

మరి సిరా తయారుచేసేవారు ఏం చేస్తారు? పొడిని బాగా సన్నం చేస్తారు. ఒకే ఆకారంగల రేణువు వ్యాసం సగమైతే, అది దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అలాగని మరీ సన్నం చేస్తే అద్దంలాంటి ఆ తలం చిన్నదై తళుకు తగ్గుతుంది. రెంటికీ మధ్య రాజీ కుదర్చాలి. రేకులపై టైటానియం డయాక్సైడ్ పలచటి పూత కూడా వేస్తారు. పూత పైతలం నుంచీ అడుగుతలం నుంచీ తిరిగివచ్చే కాంతి కలిసి, తడి రోడ్డు మీద నూనె పొరలో లాగా రంగులు పుట్టిస్తుంది. పూత మందాన్ని బట్టి రంగు మారుతుంది.

ఇంత చేసినా రేకులు దిగడం మానవు. అందుకే మెరుపు సిరా సీసాను వాడేముందు ఊపాలి, పెన్నును తరచు కడగాలి. ప్లాస్టిక్ తళుకుముక్కలు మాత్రం పెన్నులో అసలే పోయకండి.

సరదా తీరాలంటే మార్గముంది. చిన్న మూతలో కొంచెం సిరా పోసి, మెరుపు పొడి చిటికెడు కలపండి. పొడి ముక్కులోకి పోకుండా చూసుకోండి. పుల్లతోనో, ముంచి రాసే పాళీతోనో మీ పేరు రాయండి. ఆరిన తర్వాత కాగితాన్ని వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. ఒక వైపు నుంచి మెరిసిన అక్షరం మరో వైపు నుంచి ఎందుకు మెరవదు? రేకులు కాగితం మీద ఎలా పడుకుని ఉన్నాయో ఆలోచిస్తే జవాబు మీకే దొరుకుతుంది.