పర్ఫెక్ట్ అంటే పూర్తయినది

మన క్యాంపస్‌లో రోజూ ఎక్కువగా వినిపించే ఇంగ్లీషు మాటల్లో పర్ఫెక్ట్ ఒకటి. క్యాంటీన్ టీ బాగుంటే పర్ఫెక్ట్. ప్రోగ్రామ్ రన్ అయితే పర్ఫెక్ట్. ల్యాబ్‌లో రీడింగులు పుస్తకంలో ఉన్నట్టే వస్తే మరీ పర్ఫెక్ట్ (మేడమ్‌కి అనుమానం వచ్చేదీ అప్పుడే). ఇంతగా వాడే మాటకి అర్థమేమిటని అడిగితే అందరం ఒకటే చెప్తాం: ఏ లోపమూ లేనిది. అది తప్పు అర్థమేమీ కాదు. కానీ దానికంటే ముందున్న అర్థం వేరే ఉంది. అది తెలుసుకుంటే మనలాంటి వాళ్లకి కాస్త ఉపయోగం కూడా ఉంది.

మాట పుట్టింది లాటిన్‌లో. 'పెర్' అంటే చివరిదాకా, పూర్తిగా. 'ఫాకెరె' అంటే చేయడం. రెండూ కలిస్తే 'పెర్ఫికెరె', అంటే చేసి ముగించడం. అలా ముగించినది 'పెర్ఫెక్టుస్'. ఫ్యాక్టరీ, మాన్యుఫ్యాక్చర్, ఎఫెక్ట్, డిఫెక్ట్ అన్నీ ఈ 'చేయడం' కుటుంబంలోవే. డిఫెక్ట్‌కి కూడా మూలార్థం మచ్చ కాదు. చాలకపోవడం, తక్కువ పడటం. ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చింది. 14వ శతాబ్దపు కవి ఛాసర్ కాలంలో దాన్ని 'పార్ఫిట్' అనేవారు. తర్వాత లాటిన్ మూలాన్ని చూసి పండితులు మధ్యలో ఆ 'క్' చేర్చారు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ 'పార్ఫే' అనే అంటారు. ఐస్‌క్రీమ్ పార్లర్ మెనూలో కనిపించే పార్ఫే అదే.

పాత అర్థం పోయిందా అంటే పోలేదు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ మనం స్కూల్లోనే చదివాం. 'ఐ హావ్ ఈటెన్' అన్నవాడు లోపం లేకుండా తిన్నానని చెప్పడం లేదు. చొక్కా మీద పప్పు ఒలికినా టెన్స్ పర్ఫెక్టే. తినడం అయిపోయింది, అంతే. తెలుగులో 'తిన్నాను' అనకుండా 'తినేశాను' అంటామే, ఆ 'ఏశాను'లో ఉన్నది ఇంచుమించు ఈ భావమే. 'ఎ పర్ఫెక్ట్ స్ట్రేంజర్' అంటే లోపాలు లేని అపరిచితుడు కాదు, బొత్తిగా తెలియని మనిషి. 'ఎ పర్ఫెక్ట్ ఫూల్' అంటే ఏమిటో వివరించక్కర్లేదు.

లెక్కల్లోనూ అంతే. 6ని శేషం లేకుండా భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. వాటిని కూడితే మళ్లీ 6. అందుకే అది పర్ఫెక్ట్ నంబర్. తర్వాతవి 28, 496, 8128. గ్రీకులో యూక్లిడ్ వీటికి వాడిన మాట 'తెలెయోస్'. దాని మూలం 'తెలోస్', అంటే ముగింపు, గమ్యం. అక్కడా మచ్చల ప్రసక్తి లేదు.

మన వైపు చూద్దాం. 'సంస్కృతం' అన్న మాట నిర్మాణం అచ్చం పెర్ఫెక్టుస్ లాంటిదే: సం, కృతం, అంటే చక్కగా చేయబడినది. 'పరిపూర్ణం' అంటే అన్ని వైపులా నిండినది. ఆ 'పూర్ణ'కీ ఇంగ్లీషు 'ఫుల్'కీ మూలం ఒకటే. మనం రోజూ అనే 'పక్కా' హిందీ నుంచి వచ్చింది, దాని మూలం సంస్కృతంలోని 'పక్వం'. అంటే ఉడికినది, పండినది. పాకం, పక్వం ఒకే ధాతువు నుంచి వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు ఈ దేశం నుంచి పట్టుకెళ్లి 'పక్కా'ని తమ డిక్షనరీలో కూడా పెట్టుకున్నారు.

ఈ మాటలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చేసి ముగించినది, నిండినది, పండినది. అన్నీ ఉన్నదాన్ని చెప్తున్నాయి. లేనిదాన్ని చెప్పే మాటలు వేరే ఉన్నాయి. 'ఫ్లాలెస్' అంటే లోపం లేనిది. 'ఇమ్మాక్యులేట్' అంటే, లాటిన్‌లో 'మాకులా' అంటే మచ్చ కాబట్టి, మన 'మచ్చలేని'కి సరిగ్గా సమానం. 'ఇంపెకబుల్' అంటే పాపం చేయలేనిది. 'నిర్దుష్టం' అంటే దోషం లేనిది. మనం పర్ఫెక్ట్‌ని తీసుకెళ్లి ఈ రెండో గుంపులో కలిపేశాం. చిక్కు అక్కడే ఉంది.

తెలుగులో దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన మాట 'కుదిరింది'. పులుసులో ఉప్పూ కారం కుదిరాయి, బేరం కుదిరింది, పెళ్లి కుదిరింది అంటాం. మాది వేటపాలెం. జీడిపప్పుకి పేరున్న ఊరు కాబట్టి పాకం సంగతి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. బెల్లం లేతగా ఉన్నప్పుడు దించేస్తే ముక్క నిలవదు, ముదిరితే పన్ను కదులుతుంది. మధ్యలో ఒక క్షణం ఉంటుంది, దాన్ని పట్టుకుంటే 'పాకం కుదిరింది' అంటారు. పాకానికి మచ్చలున్నాయా అని ఎవరూ వెతకరు. కుండ కదలకుండా కింద పెట్టే చుట్టని కూడా 'కుదురు' అనే అంటారు. దొర్లేది నిలబడిందా లేదా అన్నదే ప్రశ్న.

మా ఊరికి ఇంకో పేరు చేనేత. పడుగు మీద పోగు తెగుతూనే ఉంటుంది. తెగిన చోట ఆపి, అతికి, మళ్లీ నాడె కొట్టాల్సిందే. పోగు తెగింది కదా అని మగ్గం మీదే చీరని వదిలేసేవాళ్లు లేరు. నేత అయ్యాక కోసి తీస్తారు, అప్పుడే అది చీర. అతుకులున్నా అది లాటిన్ అర్థంలో పర్ఫెక్ట్. ఒక్క అతుకూ లేకుండా సగం నేసి ఆపేసినది మాత్రం కాదు.

అయితే అన్నిటికీ ముగింపు ఉంటుందా? మా ఊళ్లోనే సారస్వత నికేతనం ఉంది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు మొదలుపెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకి పేరున్న చోటు. అలాంటి గ్రంథాలయం ఏ రోజైనా 'పూర్తయింది' అనగలదా? రేపు ఇంకో పత్రిక వస్తుంది. మన డేటా స్ట్రక్చర్స్‌లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. పర్ఫెక్ట్ బైనరీ ట్రీలో ప్రతి లెవెల్ నిండాలి, కాబట్టి అందులో 1, 3, 7, 15, 31... ఇన్నే నోడ్లు ఉండగలవు. ఏడున్న చోట ఎనిమిదోది పెడితే పర్ఫెక్ట్ పోతుంది. కంప్లీట్ బైనరీ ట్రీలో చివరి లెవెల్ ఎడమ నుంచి నిండుతూ వస్తే చాలు, ఎన్ని నోడ్లయినా ఉండొచ్చు. హీప్ కట్టేది ఈ రెండో దానితోనే. ఎప్పుడూ కొత్తది వచ్చి చేరే చోట పనికొచ్చేది అదే మరి.

ఇదంతా ఎందుకంటే, నా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లో ఒక కథ ఉంది. సెకండ్ ఇయర్‌లో మొదలుపెట్టాడు, ఇప్పుడు ఫైనల్ ఇయర్‌లో ఉన్నాం. ప్రతి సంచికకీ అడుగుతాను, ప్రతిసారీ "ఇంకా పర్ఫెక్ట్ కాలేదురా" అంటాడు. మొదటి పేజీ నలభైసార్లు మార్చి ఉంటాడు. చివరి పేజీ ఇంతవరకూ రాయలేదు. ప్రాజెక్టు రిపోర్టుల దగ్గర, రెజ్యూమేల దగ్గర, స్టేజీ ఎక్కి మాట్లాడే దగ్గర కూడా ఇలాంటివాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లు బద్ధకస్తులు కారు, నిజానికి అందరికంటే ఎక్కువ కష్టపడేది వాళ్లే. ఒక్క మాట అర్థం మారడం వల్ల ఆగిపోయారని నేననను. కానీ ఆ మాట వాళ్లకి మంచి సాకు ఇస్తోంది.

అందుకే ఈసారి వాడు ఆ మాట అంటే ఒకటే అడగబోతున్నాను: "లోపం ఉందా, ముగింపు లేదా?" లోపమైతే ఇద్దరం కూర్చుని ఒక సాయంత్రంలో దిద్దుకోవచ్చు. ముగింపైతే వాడే రాయాలి. వచ్చే సంచికకి రచనలు తీసుకోవడం మొదలైంది. మీ డ్రాఫ్టులనీ ఇదే ప్రశ్న అడిగి చూడండి.