దగ్గరి కొళాయికి వేడినీరు, దూరపు కొళాయికి చన్నీరు

ధనుర్మాసం వచ్చిందంటే సర్జాపురలో తెల్లవారుజామున నీళ్లు ముట్టుకోవాలంటే వణుకే. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి కదా! మా చిన్నతనంలో బచ్చలింట్లో రాగి హండె, దాని క్రింద కొబ్బరిమట్టల మంట ఉండేవి. ఎవరి చెంబుతో వారు ముంచుకొనేవారు. ఇప్పుడు ఆ హండె మిద్దె ఎక్కి సోలార్ ట్యాంకు అయింది. పలురకాల కొత్త భవనాలకు సోలార్ హీటరును తప్పనిసరి చేస్తూ కర్ణాటక ప్రభుత్వం 2007లో ఉత్తర్వు ఇచ్చిన తరువాత మన వీధులలో అది లేని కొత్త మిద్దె అరుదైపోయింది. అయితే హండె కాలంలో లేని చిక్కు ఒకటి దానితోపాటు వచ్చింది. అది పంపకం.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అమ్మగారికి 78 సంవత్సరాలు. ఆమె వాడుకొనే స్నానాలగది ఇంటి వెనుక ఉంది. ముందుగదిలో పిల్లలు షవరు తిప్పినంతసేపూ ఆమెకు వచ్చేది సన్నటి ధార, అదీ చల్లగానే. ఆమె ఎవరితోనూ అనలేదు. దగ్గు పట్టుకొన్న తరువాత గాని మాకు తెలియలేదు. పిలిపించిన ప్లంబరు పెద్ద ట్యాంకు పెట్టమన్నాడు, మరొకాయన పంపు బిగించమన్నాడు. మిద్దె ఎక్కి చూస్తే ట్యాంకులో వేడినీరు పుష్కలంగా ఉంది! లోపం ట్యాంకులో లేదు.

పంపు లేని ఇంట్లో వేడినీటిని నడిపించేది ఎత్తు ఒక్కటే. 10 మీటర్ల ఎత్తు ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు కొళాయిలకు 4 మీటర్ల పైన ఉంది, అంటే అందులో సగం కూడా లేదు. ఈ కొద్దిపాటి బలాన్ని గొట్టపు గోడల రాపిడి దారి పొడుగునా తినివేస్తుంది. గొట్టం ఎంత పొడవైతే, ఎంత ఇరుకైతే, ఎన్ని మలుపులు తిరిగితే అంత ఎక్కువగా తింటుంది. నీరు సులభమైన దారినే వెదకుకొంటుంది కనుక దగ్గరి కొళాయి తెరిచి ఉంటే దూరపుదానికి మిగిలేది తక్కువ.

చెరువు క్రింద సేద్యం చేసిన ఇళ్లవారికి ఇది కొత్త పాఠం కాదు. చివరి మడి ఎండుతున్నప్పుడు నీరుగంటి చివరి మడి దగ్గరకు పోయి కాలువ త్రవ్వడు. తూము దగ్గరి మడి గండికి నాలుగు పారల మట్టి అడ్డువేస్తాడు. ఇంగ్లండులో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు చెప్పగా విన్నాను, అక్కడి ఇళ్లలో బాయిలరు నుండి వేడినీరు గది గదికీ తిరిగి, రేడియేటర్లు అనే ఇనుప పలకలను వేడిచేస్తుంది. బాయిలరుకు దగ్గరి గది కాలిపోతూ, చివరి గది చల్లగా ఉంటే వారు చేసేదీ ఇదే. ప్రతి రేడియేటరుకూ ఒక ప్రక్క మూత వేసిన వాల్వు ఉంటుంది. దగ్గరివాటిని కొంత బిగించి, చివరిదానిని పూర్తిగా తెరిచి ఉంచుతారు.

మన ఇంట్లో ఆ వాల్వు పని యాంగిల్ కాక్ చేస్తుంది. ముందుగా ఒక పరీక్ష చేయాలి. మిగిలిన కొళాయిలన్నీ కట్టివేసి, దూరపుదానిని మాత్రమే తిప్పి చూడండి. అప్పుడు కూడా ధార సన్నగానే ఉంటే గొట్టంలో గాలి నిలిచిందని గాని, బోరునీటి సున్నం పేరుకొన్నదని గాని అర్థం. దానికి పంపకం మందు కాదు. ఒంటరిగా బాగా వచ్చి, తోడు కొళాయి తిప్పగానే తగ్గితే మాత్రం ఈ పద్ధతి పనికివస్తుంది. అన్నిటికీ కలిసి వచ్చే గొట్టం ఇరుకైనప్పుడు ఇది మరింత బాగా పనిచేస్తుంది.

మేము 10 లీటర్ల బకెట్లు రెండు, ఒక గడియారం తీసుకొన్నాము. రెండు వేడినీటి కొళాయిలూ ఒకేసారి తిప్పితే ముందుగదిలో బకెట్టు 50 సెకండ్లలో నిండింది. అమ్మ గదిలో మూడు నిమిషాలు పట్టింది. ముందుగది వేడినీటి కాక్‌ను పావుచుట్టు బిగించి మళ్లీ కొలిచాము, తరువాత ఇంకొంచెం బిగించాము. నాలుగవసారికి ముందుగదిలో 85, వెనుక 105 సెకండ్లు వచ్చాయి. పూర్తిగా సమానం కావాలని పట్టుపట్టలేదు. ఇంట్లో మూడు నాలుగు కొళాయిలు ఉంటే ఒకదానిని బిగించినప్పుడు మిగిలినవన్నీ మారుతాయి కాబట్టి రెండవ చుట్టు కొలత తప్పదు. మేడ ఇంట్లో క్రింది అంతస్తుకు ఒత్తిడి ఎక్కువ కనుక సాధారణంగా అక్కడినుండే బిగింపు మొదలుపెట్టాలి.

నీటి ఆదా కూడా చిన్నది కాదు. ముప్పావు అంగుళం గొట్టంలో మీటరుకు దాదాపు మూడోవంతు లీటరు నీరు నిలిచి ఉంటుంది. మాకు 18 మీటర్లు; అంటే వేడినీరు రాకముందే ఆరు లీటర్ల దాకా చన్నీరు పోవాలి. సన్నటి ధారలో అది పోయేసరికి దాదాపు రెండు నిమిషాలు పట్టేది, ఆలోగా దారిలోనే వేడి తగ్గేది. ఇప్పుడు ఒక నిమిషం చాలు. ఆ ఆరు లీటర్లను బకెట్టులో పట్టి మొక్కలకు పోస్తున్నాము. 2024 వేసవిలో బెంగళూరు పడిన నీటి కరవును చూసినవారెవరూ దానిని తూముపాలు చేయరు.

పంపు సలహా గురించి ఒక మాట. చన్నీటి గొట్టానికి మాత్రమే పంపు బిగిస్తే, చన్నీరు మిక్సరు గుండా వేడినీటి గొట్టంలోకి ఎదురు తన్నుతుంది. వేడినీరు రావడం మానేస్తుంది. తప్పనిసరి అయితే నీరు వెనుకకు పోనివ్వని వాల్వు కూడా పెట్టించుకోవాలి. ఇక వేడి బాగా అందుతున్నదన్న సంతోషంలో ఒళ్లు కాల్చుకోకూడదు. 60 డిగ్రీల నీరు కొద్ది క్షణాలలోనే చర్మాన్ని కాల్చుతుంది. వృద్ధులు, పిల్లలు ఉన్నచోట బకెట్టులో చన్నీరు ముందు, వేడినీరు తరువాత.

కొలత కుదిరిన తరువాత ముందుగది కాక్ పిడిని ఊడదీసి అలమరలో పెట్టాను. మా చిన్నవాడు రెండు రోజులు దానికోసం వెదికాడు.