బాబాయ్ ఫోన్‌లో ఓపెన్ అవ్వాలి కదా!

మా ఊరు చేబ్రోలు. బీటెక్ అయ్యాక నేను చేసిన మొదటి వెబ్ యాప్‌కి కస్టమర్ మా బాబాయే. ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున, సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, పదిహేను రోజులకు ఎంత డబ్బు ఇవ్వాలి... అన్నీ పుస్తకంలోనే. 'ఇదంతా ఫోన్‌లోకి ఎక్కించేస్తా బాబాయ్' అన్నాను ధీమాగా.

రియాక్ట్ తీసుకున్నా. ఎందుకంటే ఉద్యోగ ప్రకటనల్లో అదే ఎక్కువ కనిపించింది! దానికి రెడీమేడ్ బటన్ల ప్యాకేజీ, గ్రాఫుల ప్యాకేజీ, ఇంకా ఏవేవో తగిలించా. నా ల్యాప్‌టాప్‌లో రయ్యిమని పరుగెత్తింది.

తెల్లారి ఆరింటికి బాబాయ్ పాత ఫోన్‌లో ఓపెన్ చేస్తే తెల్ల స్క్రీన్! క్యాన్లతో జనం లైన్లో ఉన్నారు. "ఒరే అబ్బాయ్, పాలు విరిగిపోతాయిగానీ ఆ పుస్తకం ఇలా ఇవ్వరా" అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత అర్థమైంది. ఇలాంటి యాప్‌లో స్క్రీన్‌ని తయారుచేసేది సర్వర్ కాదు, ఫోన్‌లోని బ్రౌజర్. జావాస్క్రిప్ట్ అంతా దిగాలి, బ్రౌజర్ దాన్ని చదవాలి, నడపాలి. అప్పుడే ఏమైనా కనిపించేది. చవక ఫోన్‌కి ఇదంతా పెద్ద బరువే.

మా ఊరి గుళ్లో బ్రహ్మకి నాలుగు ముఖాలు. ఈ రంగంలోనూ ఎక్కువగా వినిపించేవి నాలుగు పేర్లు.

రియాక్ట్: ఫేస్‌బుక్ 2013లో బయటికి వదిలింది. స్క్రీన్ పని మాత్రమే చూస్తుంది, మిగతావి మనమే ఏరుకోవాలి. నేను బోల్తా పడింది అక్కడే.

యాంగ్యులర్: గూగుల్‌ది. రౌటింగ్, ఫారాలు అన్నీ అందులోనే ఉంటాయి. పెద్ద టీమ్‌లకు హాయి, ఒక్కడికి బరువు. 2016లో దీన్ని మొత్తం తిరగరాశారు. పాత యాంగ్యులర్ జేఎస్‌కి 2021తో సపోర్ట్ ఆగిపోయింది. దాని మీద కట్టినవాళ్లు మళ్లీ మొదటికి రావాల్సి వచ్చింది.

వ్యూ: గూగుల్‌లో పనిచేసిన ఇవాన్ యూ 2014లో విడుదల చేశాడు. ఉన్న పేజీలోనే కొద్దికొద్దిగా కలుపుకోవచ్చు.

స్వెల్ట్: 2016లో రిచ్ హారిస్ తెచ్చాడు. చాలా పని మన కంప్యూటర్‌లోనే ముగించి, చిన్న యాప్ అయితే తక్కువ కోడే ఫోన్‌కి పంపుతుంది.

క్రోమ్‌లో నెట్‌నీ, ప్రాసెసర్‌నీ కావాలని నెమ్మది చేసి పరీక్షించే సౌకర్యం ఉంది. అందులో చూస్తే, బరువులో ఎక్కువ భాగం రియాక్ట్‌ది కాదు, నేను తగిలించినవాటిది! గ్రాఫులు తీసేశా. ఉన్నవి మూడే స్క్రీన్లు కాబట్టి స్వెల్ట్‌లో మళ్లీ రాశా. నెట్ లేకపోయినా తెరుచుకునేలా సర్వీస్ వర్కర్ పెట్టా.

అందుకని స్వెల్టే గొప్పదని కాదు. ఉద్యోగం కోసమైతే రియాక్ట్ నేర్చుకోండి, నేనూ దానితోనే బతుకుతున్నా. కానీ ముందు జావాస్క్రిప్ట్ గట్టిగా రావాలి. అది వస్తే ఏ ఫ్రేమ్‌వర్క్‌కైనా మారొచ్చు. ఎవరికైనా యాప్ చేసేటప్పుడు మాత్రం రెండు అడగండి: దీన్ని ఏ ఫోన్‌లో తెరుస్తారు? రెండేళ్ల తర్వాత దీన్ని ఎవరు చూసుకుంటారు?

మొన్న ఒకామె "నా లెక్క ఎంతయింది అయ్యా?" అని అడిగింది. బాబాయ్ ఫోన్ తీసి వెంటనే చెప్పాడు. పుస్తకం మాత్రం ఇంకా బల్ల మీదే ఉంది. "దీని సంగతి ఇంకో ఏడాది చూద్దాం రా" అంటాడు.